కదలని అంకె

కాన్ఫరెన్సులకు వచ్చే పేపర్లను పరీక్షించడంలో ప్రొఫెసరమ్మకు పెద్ద పేరుంది. అది మంచి పేరా చెడ్డ పేరా అన్నది ఎవరి పేపరు ఆమె చేతిలో పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. రాసినవాళ్లెవరో ఆమెకు చెప్పరు, పరీక్షించిందెవరో వాళ్లకూ చెప్పరు. ఇద్దరి కళ్లకూ గంతలు కట్టేస్తే న్యాయం దానంతటదే జరిగిపోతుందని ఆ వృత్తిలోవాళ్ల ధీమా. గంతలు కట్టుకున్న మనిషి మనసు కూడా శుభ్రంగా ఉంటుందని ఎవరు చెప్పారో తెలియదు గానీ అందరూ నమ్ముతారు. ఆమె కూడా నమ్మింది.

ప్రొఫెసరమ్మ అన్న పేరు పెట్టింది ఆమె మరిది, చెల్లెలి మొగుడు. ఎదురుగా "వదినా" అని వినయంగా పిలుస్తూ, చాటున భార్యతో "మీ ప్రొఫెసరమ్మ ఏమంది?" అని అడిగేవాడు. అడగక తప్పదు మరి. ఏ ఇల్లు అద్దెకు తీసుకోవాలి, ఏ ఉద్యోగం వదులుకోవాలి, ఆఖరికి కిటికీలకు ఏ రంగు తెరలు కట్టాలి, అన్నింటికీ ఆమె తీర్పు కావాల్సిందే. తల్లి పోయాక చెల్లెల్ని సాకి పెద్దచేసింది ఆమే గనక, ఆ తీర్పుల మీద ఇంట్లో అప్పీలు లేదు. చెల్లెలు చిన్నప్పటినుంచీ పిరికిది. దగ్గు వస్తే క్షయ అనుకునే రకం. అలాంటప్పుడల్లా అక్క నోట ఒకే మాట వచ్చేది: "గోరంతను కొండంత చెయ్యకు." ఆ మాట వినగానే చెల్లెలి గుండె దడ తగ్గేది. అక్క అంత గట్టిగా చెప్పిందంటే భయపడాల్సిందేమీ లేదన్నమాట.

ఆమెకు లోకంలో పేరు తెచ్చింది మాత్రం ఒక లెక్క. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని గాజుపెట్టెలో పెట్టి, పాదానికి చిన్న పట్టీ చుడతారు. పట్టీలో ఉన్న సెన్సరు బిడ్డ రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టి, పక్కనున్న మానిటరు మీద అంకెగా చూపిస్తుంది. బిడ్డ కాలు తన్నినా, పాదం కాస్త చల్లబడినా ఆ అంకె గంతులు వేసేది. అలారం అరిచేది. నర్సులు పరుగెత్తేవాళ్లు. చూస్తే బిడ్డ నిక్షేపంలా ఉండేది. ఆ గంతులు మాన్పించే లెక్కను ప్రొఫెసరమ్మ తన డాక్టరేటు కోసం కనిపెట్టింది. సెన్సరునుంచి సంకేతం సరిగ్గా అందనప్పుడు, అంతకుముందు అందిన మంచి అంకెనే పట్టుకుని ఉండు, మళ్లీ సంకేతం బాగా అందాక వదులు, అని ఆ లెక్క మానిటరుకు చెబుతుంది. మానిటర్లు తయారుచేసే కంపెనీ ఒకటి దాన్ని వాడుకుంది. వార్డుల్లో అరుపులు తగ్గాయి, నర్సులు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఏ వేదిక ఎక్కినా ఆమెను ఆ లెక్క పేరు చెప్పే పరిచయం చేసేవాళ్లు.

పరీక్షించమని ఒక పేపరు ఆమె దగ్గరకు వచ్చి చాలా రోజులైంది. గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా దాన్ని తెరవలేదు. తెరిచాక కూడా అందరూ చేసే పనే ముందు చేసింది. గ్రూపు ఫోటో చేతికి రాగానే ముందు మన మొహం వెతుక్కుంటామే, అలా చివరికి వెళ్లి, రాసినవాళ్లు ఎవరెవరి పేపర్లు ఉదహరించారో చూసింది. మూడోది తనదే. ముచ్చటపడి మొదటి పేజీకి వచ్చింది. పేపరు పేరు 'ఆగిన అంకెలు'.

సారాంశం చదువుతుంటే ఆ ముచ్చట కాస్తా ఇగిరిపోయింది. బాగా చిన్న పిల్లల్లో, ఒంట్లో రక్తప్రసారం మందగిస్తున్నప్పుడు, పాదంనుంచి సంకేతం బలహీనపడి ఇక మళ్లీ బలపడదట. అప్పుడు ఆమె లెక్క పాత అంకెను పట్టుకుని వదలదట. బిడ్డ లోపల దిగజారిపోతుంటే పైన మానిటరు మీద అంకె కదలకుండా నిలబడి ఉంటుందట. రక్తం తీసి పరీక్ష చేస్తే వచ్చిన అంకెలూ, అదే క్షణంలో మానిటరు చూపించిన అంకెలూ పక్కపక్కన వేసి అనుబంధంలో ఇచ్చామని రాశారు. అనుబంధం వేరే ఫైలు. ఆమె దాన్ని తెరవలేదు.

లేచి పక్క గదికి వెళ్లింది. అక్కడ సున్నాల మాస్టారు ఉంటారు. విద్యార్థుల జవాబు పత్రాల్లో మొహమాటం లేకుండా సున్నాలు పెడతారని ఆయనకు ఆ పేరు వచ్చింది గానీ, పేపర్లు పరీక్షించేటప్పుడు ఆయనంత నెమ్మదస్తుడు ఉండడు. ప్రతి పేపరూ రెండుసార్లు చదువుతారు. కాన్ఫరెన్సు కమిటీవాళ్లతో చీవాట్లు తిని మరీ ఆలస్యంగా పంపుతారు.

"మాస్టారూ, ఊరికే అడుగుతున్నా. మన పని తప్పని రాసిన పేపరు మన దగ్గరికే వస్తే ఏం చేస్తారు?"

ఆయన కళ్లజోడు తీసి ఆమెను ఎగాదిగా చూశారు. "వెనక్కి పంపేస్తా. నా బిడ్డ మీద పితూరీ వస్తే నన్నే జడ్జీగా కూర్చోబెడితే ఎలాగమ్మా? ఎందుకు, వచ్చిందా?"

"అబ్బే, మాటవరసకు."

"మాటవరసకైతే ఇంకో మాట కూడా విను. పేపరు బాగుందని పొరపాటున ఒప్పుకుంటే, చదివినవాళ్లు ఎవరో ఒకరు తప్పు పట్టుకుంటారు. వద్దని పొరపాటున తోసేస్తే ఇక దాన్ని చదివేవాడే ఉండడు. మనం ఆపింది ఎవరికి అందాల్సిందో మనకి ఎప్పటికీ తెలీదు. నాకు ఈ పనిలో భయమేసేది అక్కడే."

ఆయన చాదస్తం ఆమెకు కొత్త కాదు. నవ్వేసి తన గదికి వచ్చింది. పేపరు మీద రివ్యూ రాసే ఫారంలో మొదటి ప్రశ్న సూటిగానే ఉంది: ఈ పేపరుతో మీకు స్వప్రయోజనం ఏమైనా ముడిపడి ఉందా? కంపెనీ తనకు పైసా ఇవ్వలేదు కదా అనుకుంది. రాసినవాళ్లు తన శిష్యులు కారు, స్నేహితులు కారు, చుట్టాలు అసలే కారు. 'లేదు' మీద నొక్కింది. పేరు కూడా ప్రయోజనమేనని ఆ క్షణంలో ఆమెకు తట్టలేదని చెబితే నేను అబద్ధం ఆడినట్టే. తట్టింది. తట్టినదాన్ని పక్కకు నెట్టింది.

సరిగ్గా అప్పుడే చెల్లెలు ఫోను చేసింది. ఆమెకు ఐదు నెలలు నిండాయి. ఎన్నో ఏళ్లు ఎదురుచూశాక వచ్చిన కడుపు.

"అక్కా, పాదాలు బాగా వాచాయి. చెప్పుల్లో పట్టట్లేదు. తలనొప్పి కూడా వస్తోంది. నాకెందుకో భయంగా ఉంది."

"అందరికీ వాస్తాయి. కాస్త కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకో."

"బీపీ చూపించుకోనా?"

"ఎల్లుండి ఎలాగూ డాక్టరు దగ్గరికి వెళ్తావుగా, అప్పుడు చూస్తారు. గోరంతను కొండంత చెయ్యకు. నాకు పనుంది, సాయంత్రం మాట్లాడతా."

ఫోను పెట్టేసింది. ఆ మాట ఇంకా నాలుక మీదే ఉంది. రివ్యూ పెట్టెలో అదే టైపు చేసింది: 'కొద్దిమంది పిల్లల్లో కనబడిన చిన్న తేడాను పట్టుకుని రచయితలు గోరంతను కొండంత చేశారు. ఇలాంటి ఫలితాలు యాదృచ్ఛికంగా రావచ్చు. ప్రచురణకు తగదు.' రాసింది ఆమే గనక ఆ వాక్యం ఆమెకు బాగానే ఉంది.

అడుగున ఇంకో గడి ఉంటుంది. మీ అభిప్రాయం మీద మీకు ఎంత నమ్మకం? ఒకటినుంచి ఐదు దాకా. ఈ గడి సంగతి ఆ వృత్తిలోవాళ్లకే తెలుసు. రెండో మూడో వేస్తే కమిటీ పెద్దలకు అనుమానం వస్తుంది, పేపరును ఇంకొకరికి పంపుతారు, ప్రశ్నలు అడుగుతారు, చర్చ నడుస్తుంది. ఐదు వేస్తే తలుపు మూసుకుంటుంది. పూర్తిగా చదివిన మనిషి ఒక్కోసారి మూడు వేస్తుంది, చదవని మనిషి ఐదు వేసి గట్టెక్కుతుంది. ఆమె ఐదు వేసింది.

రెండో రివ్యూయరు ఎటూ తేల్చక, ఇది నా విషయం కాదని నీళ్లు నమిలాడట. మూడోవాడు అసలు పంపనేలేదట. కమిటీ పెద్ద ఆమెకు ప్రత్యేకంగా ఫోను చేసి, "మీలాగ తేల్చి చెప్పేవాళ్లుంటే మా పని ఎంత తేలికమ్మా" అన్నాడు. పని ముగిశాక పేపరు ప్రతిని దగ్గర ఉంచుకోకూడదని నియమం. ఉన్న నియమాలన్నింట్లో ఆ ఒక్కదాన్నీ ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. అనుబంధంతో సహా అంతా చెరిపేసింది.

తర్వాత ఏమీ జరగలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ తిట్టలేదు. కాన్ఫరెన్సు బ్రహ్మాండంగా జరిగింది. మంచి రివ్యూయరంటూ వేదిక మీద ఆమెకు సత్కారం కూడా చేశారు. చప్పట్ల మధ్య, ఎందుకో గానీ, ఆ పేపరు పేరు ఒక్కసారి గుర్తొచ్చి ఒళ్లు చల్లబడింది. ఏసీ ఎక్కువగా ఉందనుకుని చున్నీ భుజాల మీదికి లాక్కుంది.

ఏడో నెల నడుస్తుండగా చెల్లెలికి బీపీ అదుపు తప్పింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు. అరచేతిలో పట్టేటంత ఉన్నాడు.

మర్నాడు పొద్దున ప్రొఫెసరమ్మ ఆసుపత్రికి వెళ్లేసరికి మరిది వార్డు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి గానీ మొహం వెలిగిపోతోంది.

"రండి వదినా. మీ లెక్కే మా వాడికి కాపలా కాస్తోంది! ఆ మానిటరు మీ లెక్కతోనే నడుస్తోందట. సిస్టర్‌తో చెప్పాను, మా వదినే కనిపెట్టిందని. మీకోసం చూస్తున్నారు."

చెప్పులు విప్పించి, చేతులు కడిగించి, మీద గౌను వేసి లోపలికి పంపారు. ఆ గదిలో గాజుపెట్టెలు వరుసగా ఉన్నాయి. ఇంతమంది పిల్లలున్న చోట ఇంత నిశ్శబ్దమా అనిపించింది ఆమెకు. మానిటర్లు అరవడం లేదు. సీనియర్ నర్సు ఎదురొచ్చి రెండు చేతులూ జోడించింది.

"మీరేనా మేడమ్! మీ పుణ్యమా అని మా చెవులు బతికాయి. ఇదివరకు ఒకటే గోల. ఇప్పుడు చూడండి, మీవాడి అంకె రాత్రినుంచీ ఎంత నిలకడగా ఉందో."

తొంభై నాలుగు. ఆకుపచ్చని అంకె. ప్రొఫెసరమ్మ దాన్ని చూస్తూ నిలబడింది. ఎంతసేపు చూసినా తొంభై నాలుగే. బతికున్న మనిషి అంకె తొంభై మూడుకు దిగుతుంది, ఐదుకు ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది, ఊపిరితోపాటు ఆడుతూనే ఉంటుంది. ఆ సంగతి ఈ భూమ్మీద అందరికంటే బాగా ఆమెకే తెలుసు. అంకె పక్కన సంకేతం బలం చూపించే సన్నటి గీత ఉంటుంది. అది అడుగంటి ఉంది. అంటే అంకె ఇప్పటిది కాదు. లెక్క పట్టుకుని ఉన్నది.

ఆమె చూపు మానిటరునుంచి బిడ్డ మీదికి దిగింది. పట్టీ కట్టిన పాదం పాలిపోయింది. బొటనవేలి గోరు నీలంగా ఉంది. ఆవగింజంత గోరు. అది వెలుతురు వల్లేమోనని తనకు తాను చెప్పుకుంది, కానీ పక్క పెట్టెలోని పాప గోళ్లు ఎర్రగానే ఉన్నాయి.

"సిస్టర్, ఒకసారి రక్తం తీసి పరీక్ష చేస్తే బాగుంటుందేమో?"

"అంకె ఇంత బాగుంటే ఎందుకు మేడమ్ పసిప్రాణాన్ని గుచ్చడం? ఇదివరకు డ్యూటీ మారినప్పుడల్లా తీసేవాళ్లం. ఇప్పుడు మాన్పించేశారు."

ఎందుకు మాన్పించారని ఆమె అడగలేదు. గట్టిగా చెబితే, మీకెలా తెలుసని అడుగుతారు. ఎక్కడ చదివారని అడుగుతారు. రివ్యూయరు తాను చదివింది బయటపెట్టకూడదు, అది రహస్యం, నియమం. చూడండి, ఎంత మంచి నియమం ఎంత మంచి సమయంలో గుర్తొచ్చిందో! బిడ్డ గోరు నీలంగా ఉంటే ఆమె నిలబడి తన పరువు ఏమవుతుందోనని లెక్కలు వేసుకుంది. ఆ కాస్త ఆలస్యానికి ఆమెను నేను క్షమించలేను. తర్వాత ఆమె కూడా తనను తాను క్షమించుకోలేకపోయింది.

ఇంతలో మరిది చక్రాల కుర్చీలో చెల్లెల్ని తీసుకొచ్చాడు. ఆపరేషన్ నొప్పితో ఒంగిపోయి ఉన్నా, కొడుకును చూడబోతున్నానన్న సంబరంతో ఆమె చెయ్యి చాపి గాజును తడిమింది. వాళ్ల వెనకే పిల్లల డాక్టరు వచ్చాడు. కుర్రాడే గానీ మనిషి బాగా అలసిపోయి ఉన్నాడు.

"డాక్టరుగారూ, ఈ మానిటరు లెక్క కనిపెట్టింది మా వదినేనండీ," అన్నాడు మరిది.

డాక్టరు ఆగిపోయాడు. తర్వాత మర్యాదగా నమస్కారం పెట్టాడు. "మీరేనా మేడమ్. మీ పేపరు నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు."

ఎన్నిసార్లో. తన లెక్క తప్పన్న పేపరును ఆమె ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు.

"మంచి లెక్క మేడమ్. ఒక్కచోటే నాకు అనుమానం ఉండేది. బాగా చిన్న పిల్లల్లో అంకె ఆగిపోతోందని. రోజూ రక్తపరీక్షలతో పోల్చి చూసి, అంతా పేపరు రాసి ఒక కాన్ఫరెన్సుకి పంపాను. వాళ్లు ఒప్పుకుంటే పరీక్షలు కొనసాగించవచ్చని మా పైవాళ్లు అన్నారు. తిరిగొచ్చేసింది. రివ్యూయరు ఎవరో గానీ నమ్మకం ఐదుకి ఐదు వేశారు." అతను చేదుగా నవ్వాడు. "ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. 'రచయితలు గోరంతను కొండంత చేశారు' అట. అంత పెద్ద నిపుణులే కొట్టిపారేశాక ఇంకా పిల్లల్ని గుచ్చడం దేనికని మావాళ్లు ఆపించేశారు. అది మీలాంటివాళ్ల చేతిలో పడి ఉంటే బాగుండేది మేడమ్. మీకైతే అర్థమయ్యేది."

గాజు మీదున్న చెల్లెలి చెయ్యి ఆగింది. ఆమె మెల్లగా తల తిప్పి అక్క మొహంలోకి చూసింది. ఆ మాటతో పెరిగిన పిల్ల. ఆ మాట విని నిద్రపోయిన పిల్ల. ఆమెకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రొఫెసరమ్మ డాక్టరు వైపు తిరిగింది.

"అది నా చేతిలోనే పడింది," అంది. "ఆ మాట రాసింది నేనే. మీ అనుబంధం తెరవకుండా రాశాను. డాక్టరుగారూ, ఈ అంకె ఆగిపోయింది. రక్తం తియ్యండి. ఇప్పుడే తియ్యండి."

అతను ఆమెను తిట్టలేదు. తిట్టడానికి కూడా ఆమె వైపు చూడలేదు. అప్పటికే పెట్టె తలుపు తెరిచి బిడ్డ పాదం చేతిలోకి తీసుకున్నాడు. నర్సు పరుగెత్తింది. మడమ గుచ్చితే వచ్చిన చుక్క ఎర్రగా లేదు, నల్లగా ఉంది. మూలనున్న యంత్రం కాసేపు గుర్రుమని, కాగితం ముక్క బయటికి వదిలింది. నర్సు దాన్ని చదివి వినిపించబోయి, తల్లి అక్కడే ఉందని చూసి, నోరు మూసుకుని డాక్టరుకు అందించింది. అతను ఏదో గట్టిగా అరిచాడు. ఇంకో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఎవరో తెర లాగేశారు.

తెర ఇవతల ముగ్గురే మిగిలారు. మరిది గోడకు ఆనుకుని, ఏం జరుగుతోందో అర్థంకాని మొహంతో ఒకసారి వదిన వైపూ ఒకసారి భార్య వైపూ చూస్తున్నాడు. అవతల లోహపు చప్పుళ్లు, పొట్టి పొట్టి మాటలు. బిడ్డ ఏడుపు మాత్రం వినబడటం లేదు. తెర పైన, ఎత్తులో బిగించిన మానిటరు ఇక్కడికి కూడా కనబడుతోంది.

చెల్లెలు చిన్నప్పుడు ఉరుములకు భయపడి పక్కలో దూరినప్పటి గొంతుతోనే అడిగింది.

"అక్కా, బతుకుతాడా?"

ప్రొఫెసరమ్మ తెర వైపు చూసింది.

"చెప్పక్కా. ఎప్పుడూ గట్టిగా చెబుతావుగా. నీకెంత నమ్మకం? ఐదుకి ఎంత?"

తెర వెనక డాక్టరు "ఇంకోసారి" అన్నాడు. పైన మానిటరు మీద ఇంకా తొంభై నాలుగే ఉంది.